తెల్ల ఫ్యాక్టరీ డ్రమ్మరు

వకుయి తల్లి కవసకి స్టేషను వెనక సందులో కొరొక్కెలు వేయించి అమ్ముతుంది. ఆ రోజు మధ్యాహ్నం కొడుకు వస్తే కూచోమని కూడా అనలేదు. ఆలుగడ్డ ముద్దలకు రొట్టెపొడి అద్ది ఒక్కొక్కటే నూనెలోకి వదులుతూ, అతని వైపు చూడకుండా అంది.

"మీ పిన్నిని అంత అవమానం చేస్తావనుకోలేదురా."

"ఏ పిన్ని?"

"ఎంతమందున్నారేంటి నీకు? మత్సుమొతొ పిన్ని. పోయిన శనివారం వాళ్ళ ఊళ్ళో నీ కచేరీ అని తెలిసి టిక్కెట్టు కొనుక్కుందట. ఆ పిల్లల మధ్యన దూరి, చెవుల్లో దూది పెట్టుకుని మరీ కూచుందట. అయ్యాక నీకోసం ఊరవేసిన ఆకుకూర పట్టుకుని వెనక గుమ్మం దగ్గరికొస్తే, నువ్వు ఆ పిండి మొహంతోనే ఒంగి దండం పెట్టి, ఒక్క మాటన్నా మాట్లాడకుండా వ్యానెక్కి పోయావట. చిన్నప్పుడు నీ ముక్కు తుడిచిన మనిషిరా అది."

వకుయికి నవ్వొచ్చింది. "శనివారం నేను జ్వరంతో పరుపు మీద నుంచి లేవలేదమ్మా. మత్సుమొతొ ఊరి మొహం చూసి రెండేళ్ళయింది."

"అయితే అది దెయ్యాన్ని చూసిందంటావు."

"ఎవరో కుర్రాళ్ళు మా వేషం వేసుంటారు. ఊరూరా వేస్తున్నారుగా."

"నాకు తెలీదా వేషమంటే? నీ నడకే అంది. ఒంగినప్పుడు ఎడమ భుజం కాస్త కిందికి జారుతుంది చూడు, అది కూడా నీదేనంది." ఆమె చిల్లుల గరిటెతో కొరొక్కెలను తిప్పింది. "గ్లౌజు చూసిందట. చిటికెనవేలు కొస ఖాళీగా వేలాడుతోందట."

వకుయి నవ్వడం మానేశాడు.

అతని ఎడమ చిటికెనవేలికి పై కణుపు లేదు. పంతొమ్మిదో ఏట, ఇదే ఊళ్ళో కారు రేకులు నొక్కే ప్రెస్ మెషిన్ కింద పోయింది. ముఠాల్లో తప్పు చేసినవాళ్ళు చిటికెనవేలు కోసుకుంటారు కాబట్టి, అలాంటి చెయ్యి చూస్తే రైల్లో పక్కనున్నవాళ్ళు ముఠావాడనుకుని మెల్లగా లేచి వేరే చోటికి పోతారు. అందుకే గ్లౌజులు వేసుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఆ తర్వాత క్యాబరేల్లో డ్రమ్ములు వాయించి బతికాడు. అక్కడే కురమొచి అతన్ని పట్టుకున్నాడు. కురమొచి దగ్గర బీరువాంత సింథసైజరు ఉండేది, దాన్ని పాడించడానికి రోజంతా తీగలు పీకి తీగలు పెట్టేవాడు. ఒకసారి విరామంలో వకుయి ఊరికే బల్ల మీద ప్రెస్ మెషిన్ చప్పుడు వాయిస్తుంటే, కురమొచి సిగరెట్టు ఆర్పి, "అదేంటి, మళ్ళీ వాయించు" అన్నాడు. అప్పుడు పుట్టింది వాళ్ళ మొదటి పాట. పేరు కూడా 'ప్రెస్' అనే పెట్టారు. పియానో పాఠాలు చెప్పుకునే సచియో వచ్చి చేరింది. బ్యాండుకు షిరోయ్ కోజో అని పేరు పెట్టుకున్నారు. తెల్ల ఫ్యాక్టరీ అన్నమాట.

మొహానికి తెల్లరంగు పూసుకోవడం పెద్ద ఆలోచనతో చేసింది కాదు. మొదటి కచేరీలో వకుయి భయంతో చెమటలు కక్కుతుంటే, మొహం కనబడకుండా ఉంటుందని సచియో తన పౌడరు డబ్బా అతని మీద ఒంపింది. మిగతా ఇద్దరూ అతనికి తోడుగా పూసుకున్నారు. అతని గ్లౌజులు చూసి వాళ్ళూ గ్లౌజులు వేసుకున్నారు. బూడిదరంగు ఫ్యాక్టరీ చొక్కాలు కూడా అతని పెట్టెలోవే. మూడేళ్ళు తిరిగేసరికి లండన్ పత్రికల్లో వాళ్ళ బొమ్మలు పడ్డాయి. పని దుస్తుల కొట్లలో బూడిదరంగు చొక్కా దొరకడం మానేసింది. మంగలి షాపులో కూచుని "ఫ్యాక్టరీ క్రాపు" అంటే చాలు. ఊరూరా కుర్రాళ్ళు గిటార్లు అమ్మి కీబోర్డులు కొన్నారు. ఆటల మెషిన్లు పెట్టిన కొట్లలో, బొమ్మల దుకాణాల్లో, చివరికి వాతావరణ వార్తల ముందు కూడా వాళ్ళ శబ్దమే. ఆదివారాలు టోక్యోలో హరజుకు వీధిలో పిల్లలు తెల్ల మొహాలతో వరసగా నిలబడి, కన్వేయరు బెల్టు మీద సామాను కదిలినట్టు కదిలేవాళ్ళు. ఏదో పత్రిక వకుయి వేలి సంగతి బయటపెట్టాక, ఆ పిల్లలు గ్లౌజులో ఎడమ చిటికెనవేలు మడుచుకోవడం మొదలుపెట్టారు. అది చూసి మొదట్లో వకుయికి ముచ్చటేసింది కూడా.

మత్సుమొతొ సంగతి మేనేజరు ఉబుకతను అడిగాడు.

"అభిమానులండీ, వకుయి-సాన్," అన్నాడు ఉబుకత, ఎప్పటిలాగే మెత్తగా. "మిమ్మల్ని చూసి మురిసిపోయి వేషాలు కడుతున్నారు. దానికి కోప్పడతారా ఎవరైనా?"

"వ్యానులో వచ్చారట. మా పిన్ని చెప్పింది."

"అభిమానులకు వ్యానుండదా?"

వకుయి అంతటితో ఊరుకునేవాడే. కాని ఆ వారంలోనే వుఎనొ స్టేషనులో ఒక గోడపత్రిక కనబడింది. తకసకి పౌర భవనంలో ఆదివారం మధ్యాహ్నం తెల్ల ఫ్యాక్టరీ కచేరీ. కింద తమ కంపెనీ ముద్ర ఉంది. ఆదివారం వాళ్ళకు ఎక్కడా కచేరీ లేదు. కురమొచి స్టూడియోలో ఉంటానన్నాడు, సచియో అక్క ఇంటికి వెళ్తానంది.

అతను ఒక్కడే తకసకి రైలెక్కాడు.

హాలు నిండిపోయింది. చివరి వరసలో చోటు దొరికింది. మామూలు మొహంతో వచ్చినవాళ్ళు చాలా తక్కువ. వరస వెంబడి వరస తెల్లటి మొహాలు, మాటల్లేకుండా, వేదిక వైపు తిరిగి ఉన్నాయి. దీపాలు ఆరి వెలిగాయి. బూడిదరంగు చొక్కాల్లో ముగ్గురు వచ్చి తమ తమ చోట్ల నిలబడ్డారు.

కురమొచి వేషంలో ఉన్నవాడు కొంచెం పొడుగు. సచియో వేషంలో ఉన్నామెకు నడుము దగ్గర తేడా ఉంది. డ్రమ్ముల వెనక కూచున్నవాణ్ణి చూసి మాత్రం వకుయి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. తను అద్దంలో కూడా అంత తనలా ఉండడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకునేముందు చెవి మీద జుట్టు వెనక్కి తోసుకోవడం. మలుపు రాబోయేముందు గడ్డం ఎత్తడం. 'ప్రెస్' పాటలో ఒక దెబ్బ దగ్గర వకుయి చెయ్యి ఎప్పుడూ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. ప్రెస్ మెషిన్ ఆ దెబ్బ వేసినప్పుడే వేలు పోయింది మరి. హెడ్‌ఫోన్స్‌లో మెషిన్ టిక్ టిక్ మని తోస్తున్నా, అక్కడ చెయ్యి దానంతట అదే జంకుతుంది. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదనుకునేవాడు. వేదిక మీదున్నవాడి చెయ్యి కూడా అక్కడే జంకింది.

వకుయికి తెలియకుండానే అతని వేళ్ళు మోకాలి మీద ఆడుతున్నాయి. పక్కనున్న తెల్ల మొహం అతని వైపు వంగింది.

"బాబాయ్, కొట్టకండి. మీ తాళం తప్పుతోంది."

కచేరీ అయ్యాక వెనక గుమ్మం దగ్గర కాపలావాడితో, డ్రమ్ములు వాయించేవాడి అన్నని అని చెప్పాడు. కాపలావాడు భుజాలూ నడకా చూసి, "చెప్పక్కర్లేదు, తెలుస్తోంది" అని లోపలికి వదిలాడు.

గదిలో ఒకడే ఉన్నాడు. సగం మొహం తుడుచుకున్నాడు. ఆ సగంలో ఇరవై నాలుగేళ్ళ కుర్రాడి చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. అద్దంలో వకుయిని చూసి, కుర్చీలోంచి జారినట్టు దిగి, నేల మీద మోకాళ్ళు వంచి నుదురు ఆనించాడు.

"సెన్సెయ్," అన్నాడు, గురువును పిలిచినట్టు.

"లే. పేరేంటి?"

"ఒగినుమ అండి. అషికగ మాది. బట్టల మిల్లులో మగ్గాలు బాగుచేసేవాణ్ణి."

"ఎవరు నేర్పారు నీకు?"

"మీరేనండి. రికార్డులు విని నేర్చుకున్నాను. ఆఖర్న కురమొచి-సాన్ సరిచేశారు."

వకుయి కూచున్నాడు. కురమొచి పేరు వినగానే కోపం వస్తుందనుకున్నాడు గాని, రాలేదు. "బాగా వాయించావు. ఆ జంకు కూడా పట్టావు. ఎలా పట్టావు?"

ఒగినుమ మొహం వెలిగింది. మెచ్చుకోలు కోసం ఎన్నాళ్ళుగానో ఎదురుచూసినవాడిలా ఎడమ చేతి గ్లౌజు తీసి, చెయ్యి ముందుకు చాపాడు. చిటికెనవేలు పై కణుపు లేదు. మచ్చ ఇంకా గులాబిరంగులో ఉంది.

హాలులో ఎవరో కుర్చీలు మడుస్తున్నారు.

"ఎప్పుడు?" అన్నాడు వకుయి.

"పోయిన శీతాకాలం."

"మగ్గంలో పడిందా?"

"అమ్మకు అలాగే చెప్పానండి." ఒగినుమ తల వంచుకున్నాడు. "వేలు మడుచుకుని వాయిస్తే కర్ర పట్టు మారిపోతోంది సెన్సెయ్. కురమొచి-సాన్ నా టేపు విని, అంతా సరిపోయింది గాని ఎడమ చెయ్యి బరువు తేడాగా ఉందన్నారు."

"అతను చెయ్యమన్నాడా?"

"లేదండి. తేడాగా ఉందన్నారంతే. తర్వాత టేపు పంపిస్తే, ఇప్పుడు బాగుందన్నారు. ఏం చేశావని అడగలేదు."

వకుయి ఆ చెయ్యి పట్టుకుని చూద్దామని తన చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "నువ్వొక్కడివేనా?"

ఒగినుమ గ్లౌజు మళ్ళీ తొడుక్కున్నాడు. "నిఇగతలో ఒకతను ఉన్నాడండి. నాకు తెలిసి అతనే. ఇంకా ఉన్నారంటారు. అభిమానుల సంఘంలో వాళ్ళు గ్లౌజు తీసి ఒకరికొకరు చూపించుకుంటారట. వాళ్ళకు ముందు వరసలో చోటిస్తారు, గౌరవంగా."

మర్నాడు స్టూడియోలో కురమొచి టేపు ముక్కలు కోసి అతికించుకుంటున్నాడు. సచియో టీ కలుపుతోంది. ఉబుకత గుమ్మం దగ్గర సిగరెట్టు వెలిగించాడు. వకుయి నిలబడే మాట్లాడాడు.

"తకసకి వెళ్ళొచ్చాను."

తకసకి ఎందుకని ఎవరూ అడగలేదు. సచియో టీ గిన్నె కింద పెట్టేసింది. ఆమెకు కూడా తెలుసునని అప్పుడర్థమైంది వకుయికి. అందరిలోకీ తనకే చివర తెలిసింది.

"వకుయి, విను," అన్నాడు కురమొచి టేపు మీంచి తల ఎత్తకుండా. "ఊరూరా తిరిగి ఒకే పాటను ఒకేలా వాయించడానికి మనమే ఎందుకు? మెషిన్లు ఎలాగూ వాటంతట అవే వాయిస్తాయి. మన మొహాలు ఎవరికీ తెలియవు. ఫ్యాక్టరీలో ఎవడు నిలబడినా మెషిన్‌కి ఒకటేనని మొదట్లో నువ్వే కదా అన్నది."

"నేను తాగి ఏడుస్తూ అన్నాను. నువ్వు పాట కట్టావు."

"మంచి పాట కదా."

"ఆ కుర్రాడి వేలు చూశావా నువ్వు?"

కురమొచి చేతిలో బ్లేడు ఆగింది. "విన్నాను," అన్నాడు. "చూడలేదు."

"వేలేంటి?" అంది సచియో. ఆమె మొహం చూస్తే ఇది మాత్రం తెలియదని అర్థమవుతోంది. వకుయి చెప్పాడు. ఒగినుమ సంగతి, నిఇగత సంగతి, ముందు వరసల సంగతి. ఆమె మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే సందులో గోడకానుకుని నిలబడి ఉంది.

ఉబుకత పొగ వదిలాడు. "బాధాకరమే, కాదనను. కాని ఇప్పుడు మనం దీని గురించి నోరెత్తితే, తెలియని పిల్లలకు కూడా తెలుస్తుంది. పత్రికలవాళ్ళు ఊరుకుంటారా? ఒకరిద్దరితో పోయేదాన్ని వంద మందికి చేర్చినవాళ్ళమవుతాం. ఆలోచించండి వకుయి-సాన్."

వకుయి ఆలోచించాడు. వానాకాలం మొదలయ్యేదాకా ఆలోచించాడు. ఉబుకత మాటలో నిజం లేకపోలేదు, అదే అతన్ని నోరెత్తనివ్వలేదు. ఈలోగా రైల్లో తెల్ల గ్లౌజులు కనబడితే చాలు, అతని కళ్ళు చిటికెనవేలి మీదికి పోయేవి. మడుచుకున్న వేలికీ లేని వేలికీ గ్లౌజు మీంచి తేడా తెలియదు. ఒకసారి శింజుకులో ఒక కుర్రాడు తలుపు కమ్మీ పట్టుకుంటే గ్లౌజు కొస చదునుగా అణిగింది. వకుయి వాడి వెనకే దిగి, మెట్లన్నీ ఎక్కి, జనంలో వాణ్ణి పోగొట్టుకున్నాడు.

టోక్యోలో పెద్ద హాలు కచేరీ వానల మధ్య వచ్చింది. దానికి మాత్రం అసలు ముగ్గురే ఉండాలి, టీవీవాళ్ళు వస్తున్నారు. 'ప్రెస్' చివరి పాట. సగం దాకా వకుయి ఎప్పటిలాగే వాయించాడు. ఆ దెబ్బ దగ్గర చెయ్యి జంకింది. అక్కడ కర్రలు కింద పెట్టేశాడు.

పాట ఆగలేదు. సింథసైజర్లు తమ పని తాము చేసుకుపోతున్నాయి, డ్రమ్ముల చోట టేపులో ఉన్న డ్రమ్ములు వినబడుతూనే ఉన్నాయి. అతను హెడ్‌ఫోన్స్ తీశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎడమ గ్లౌజు లాగేసి, సచియో ముందున్న మైకు దగ్గరికి నడిచాడు. ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, కీబోర్డు మీంచి రెండు చేతులూ ఎత్తేసింది. దానివల్ల కూడా శబ్దంలో ఏ తేడా రాలేదు.

తెల్ల ఫ్యాక్టరీ వేదిక మీద ఎన్నడూ మాట్లాడలేదు. వకుయి చెయ్యి పైకెత్తాడు.

"ఇది ప్రెస్‌లో పడి పోయిన వేలు. నాకప్పుడు పంతొమ్మిది. చాలా నొప్పి పుట్టింది. మా అమ్మను పిలిచి ఏడ్చాను. ఇందులో ఏమీ లేదు. దీనివల్ల నేను బాగా వాయించను. మీలో కొందరు... వద్దు. చెయ్యొద్దు. ఎవరూ చెయ్యొద్దు. వద్దు."

మాటలు సరిగా కూర్చుకోలేదతను. గొంతు పగిలి, చివరి "వద్దు" సగమే వచ్చింది.

కింద చీకట్లో ఎక్కడో ఒక చోట చప్పట్లు మొదలయ్యాయి. పాట తాళానికి సరిగ్గా పడుతున్న చప్పట్లు. అవి వరస నుంచి వరసకు పాకాయి. ముందు వరసలో ఎవరో ఎడమ చెయ్యి ఎత్తారు, అతను ఎత్తినట్టే. వాళ్ళ వెనక ఇంకొకరు. చూస్తుండగానే హాలు నిండా తెల్ల గ్లౌజులు లేచాయి. ఇది కొత్త పాట అనుకున్నారు వాళ్ళు. చప్పట్ల మధ్య అతను ఇంకా ఏదో అరుస్తుంటే ఎవరో మైకు తగ్గించారు.

రెండు వారాల తర్వాత కురమొచి ఇంటికి రమ్మన్నాడు. తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి వకుయి లోపలికెళితే, కురమొచి గడ్డం పెరిగి ఉంది, కళ్ళు గుంటలు పడ్డాయి. ఏమీ మాట్లాడకుండా టేపు వేశాడు.

ముందు ప్రెస్ చప్పుడు, బాగా నెమ్మదిగా, నీళ్ళ కింద నుంచి వస్తున్నట్టు. దాని మీద ఒక మనిషి గొంతు. వద్దు. వద్దు. చెయ్యొద్దు. ఆ పగిలిన చివరి మాటను కోసి, అతికించి, తిప్పి తిప్పి వేశాడు. అది కొంతసేపటికి మాటలా కాక, డ్రమ్ము దెబ్బలా వినబడసాగింది. పాట గొప్పగా ఉంది. అది అతనికి తెలుస్తూనే ఉంది.

"ఇది బయట పెట్టను, నువ్వు వద్దంటే," అన్నాడు కురమొచి.

"వద్దు."

"ఆగు. హాల్లో నీ మాట ఎవరికీ వినబడలేదు. టీవీవాళ్ళు ఆ ముక్క కోసేశారు. ఆ పిల్లలకు చెప్పాలనే కదా నీ బాధంతా? నువ్వు పత్రికల్లో చెప్తే చదవరు. బళ్ళో చెప్తే వినరు. ఇది మాత్రం వింటారు. రోజుకు పదిసార్లు వింటారు." కురమొచి టేపు ఆపాడు. "నేను చేసిన పనికి ఇంకేం చెయ్యాలో నాకు తెలీట్లేదు వకుయి. నాకు ఇదొక్కటే వచ్చు."

అతను నటించడం లేదు. నటిస్తే బాగుండేది, తిట్టి లేచి వచ్చేవాడు. వకుయి చాలాసేపు కిటికీలోంచి వాన చూశాడు. నిఇగతలో తను ఎన్నడూ చూడని ఒక కుర్రాడు రేడియో పెట్టుకుని కూచున్నట్టు అనిపించింది.

"సరే," అన్నాడు. "నా పేరు వేయకు. ఇక నేను రాను."

పాట వేసవి సెలవుల ముందు వచ్చింది. నెల తిరక్కుండా దాన్ని తప్పించుకోవడం కష్టమైంది. పచింకో జూదం ఆడే కొట్ల తలుపులు తెరుచుకుంటే అదే. ఈతకొలనుల దగ్గర అదే. జర్మనీలో, అమెరికాలో డ్యాన్సు క్లబ్బుల్లో ఆ ఒక్క మాట మీద జనం ఎగురుతున్నారని రేడియోలో చెప్పారు. ఆ గొంతు మనిషిది కాదు, కొత్త రకం మెషిన్‌ది అని ఒక పత్రిక రాసింది. మాట్లాడే గొంతును ముక్కలు కోసి తాళంగా వాడటం ఎలాగో వివరిస్తూ పుస్తకాలు కూడా వచ్చాయి. ఆ వేసవిలో పుట్టిన బ్యాండ్లన్నీ ఎవరో ఒకరి గొంతు కోసి అతికించుకున్నవే.

వకుయి తల్లి దగ్గరే ఉండి కొరొక్కెలకు ఆలుగడ్డలు వలుస్తున్నాడు. ఆగస్టు చివర ఒక మధ్యాహ్నం కొట్టు ముందు ఒక కుర్రాడు వచ్చి నిలబడి టోపీ తీశాడు. మొహానికి రంగు లేదు కాబట్టి గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఒగినుమ.

"మానేశానండి," అన్నాడు. "ఆ రోజు హాల్లో వెనక నిలబడి మీ మాట విన్నాను. నన్నే చూసి అన్నారనుకున్నాను."

"నీకు వినబడిందా?"

"నాకు వినబడింది సెన్సెయ్. నా చోట్లో ఇంకొకతన్ని తెచ్చుకున్నారు. ఉబుకత-సాన్ దగ్గర ముందే ఉన్నాడట."

తల్లి వేడి కొరొక్కె కాగితంలో చుట్టి ఇస్తూ అతని చెయ్యి చూసింది. "అయ్యో, నీకూ ప్రెస్సేనా నాయనా?"

ఒగినుమ కొరొక్కె రెండు చేతులా పట్టుకున్నాడు. "కాదమ్మా," అన్నాడు. ఆవిడకు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె వింటూ పొయ్యి మంట తగ్గించింది. తర్వాత పూర్తిగా ఆర్పేసింది. కొట్టు ముందు ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళు నిలబడి ఉన్నా, లోపలికెళ్ళి కూచుంది.

"మీ అమ్మకు చెప్పావా ఇప్పుడైనా?" అని లోపల్నుంచి అడిగింది.

"లేదమ్మా."

"చెప్పు."

ఒగినుమ కొరొక్కె తినకుండా చేతిలోనే ఉంచుకుని, గొంతు తగ్గించి వకుయికి ఇంకో సంగతి చెప్పాడు. హరజుకులో ఆదివారాలు ఇప్పుడు కొత్త ఆట ఆడుతున్నారు. పాటలో "వద్దు" అన్నప్పుడల్లా అందరూ ఎడమ చెయ్యి ఎత్తుతారు. ఎత్తినప్పుడు గ్లౌజు తీసేవాళ్ళు కొందరు మధ్యలోకి వస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు వాళ్ళకు ఒంగి దండం పెడతారు.

ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. ఎండ మండిపోతోంది. వీధి పొడుగునా తెల్ల మొహాలు, చెమటకు రంగు కారి మెడల మీద చారలు కట్టింది. ఎవరిదో పెద్ద టేపురికార్డరు రోడ్డు మీద పెట్టి ఉంది. దానిలోంచి వకుయి గొంతు వస్తోంది.

"నేను అటు చివర నుంచి చూస్తాను," అన్నాడు ఒగినుమ.

వకుయి ఇటు చివర నుంచి మొదలుపెట్టాడు. వరసలో మొదటి కుర్రాడి ఎడమ చెయ్యి పట్టుకుని, గ్లౌజు చిటికెనవేలు కొస నొక్కి చూశాడు. మడిచిన వేలు తగిలింది. రెండోవాడిది నొక్కాడు. ఉంది. మూడో చోట ఉన్న అమ్మాయి తన చెయ్యి వెనక్కి లాక్కుని, "ఏం బాబాయ్, ఎండ నెత్తికెక్కిందా?" అంది. చుట్టూ నవ్వారు. ఒకడు తనంతట తానే చెయ్యి చాపి, "నాదీ చూడండి డాక్టరుగారూ" అన్నాడు. వకుయి వాడిదీ చూశాడు. ఉంది. తన చెయ్యి ఎత్తి చూపించాడు, ఇది నాది, ఆ గొంతు నాది అని చెప్పాడు. వాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వారు. అలా చెప్పుకునేవాళ్ళు ఆ వీధిలో చాలామందే తిరుగుతున్నారట.

వీధి సగం దాటాక తల ఎత్తి చూశాడు. అటు చివర ఒగినుమ నడవడం లేదు. ఒక అమ్మాయి ముందు మోకాళ్ళ మీద కూచుని, ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఇరవై ఏళ్ళుంటాయి ఆమెకు, సెలూనులో పనిచేసేవాళ్ళ నీలం గౌను వేసుకుంది. గ్లౌజు తీసేసి ఉంది. చిటికెనవేలి చుట్టూ కట్టిన గుడ్డ కొత్తది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఆమెకు నడుము వంచి దండం పెడుతున్నారు. ఆమె నవ్వుతోంది, నవ్వు మధ్యలో పెదవి కొరుక్కుంటోంది.

వకుయి జనాన్ని తోసుకుంటూ అటు నడిచాడు. దగ్గరికెళ్ళాక ఆమె పక్కన రోడ్డు మీదే కూచున్నాడు. అతను చెప్పాలనుకున్నదంతా టేపురికార్డరు చెప్పేస్తోంది.

"నొప్పిగా ఉందామ్మా?" అని అడిగాడు చివరికి.

ఆమె అతని మొహం వైపు, తర్వాత అతని చేతి వైపు చూసింది. చుట్టుపక్కల వాళ్ళకు వినబడకుండా, "చాలా" అంది.

"పద, ఆసుపత్రికి పోదాం."

ఆమె లేవలేదు. ఒగినుమ పట్టుకున్న చెయ్యి కూడా విడిపించుకోలేదు. దండాలు పెడుతున్నవాళ్ళ వరస ఇంకా తరగలేదు. ఆమె వాళ్ళ వైపే చూస్తూ కూచుంది.